మొదలు తెగిన టేపు

మేస్త్రమ్మ వర్క్‌షాపులో కొలతల టేపుకి మొదలు లేదు. ఎప్పుడో రంపం మిషనులో పడి మొదటి పది సెంటీమీటర్లూ తెగిపోయాయి. ఇంకెవరైనా అయితే ఆ పూటే దాన్ని అవతల పారేసి కొత్తది తెచ్చుకునేవాళ్ళు. మేస్త్రమ్మ తెచ్చుకుంటుందా? "పోయింది పదే కదా, మిగతాదంతా నిక్షేపంలా ఉంది" అంది. అప్పట్నుంచి అక్కడ కొలతలన్నీ పది దగ్గరే మొదలవుతాయి. దానికో పద్ధతి కూడా పడిపోయింది. టేపు పట్టినవాళ్ళు అంకె ఉన్నది ఉన్నట్టు పైకి చెప్పాలి, పెన్సిలు పట్టినవాళ్ళు అందులోంచి పది తీసేసి చెక్క మీద రాసుకోవాలి. ఇద్దరూ తీసినా కొంప మునుగుతుంది, ఇద్దరూ తియ్యకపోయినా మునుగుతుంది. అయినా ఇన్నేళ్ళలో ఒక్క బల్ల తేడా రాలేదంటే ఆవిడ పట్టు ఎలాంటిదో మీరే చూసుకోండి.

వడ్రంగం ఆవిడ తండ్రి దగ్గర నేర్చుకుంది. పెళ్ళయ్యాక మొగుడికి నేర్పింది. ఆయన పోయాక ఒంటిచేత్తో నెట్టుకొస్తోంది. నోరు పెద్దదే గానీ చెయ్యి మహా సున్నితం, ఆవిడ చిత్రిక పట్టిన పలక మీద అరచెయ్యి వేస్తే తియ్యబుద్ధి కాదు. ఒకప్పుడు షెడ్డు నిండా పనివాళ్ళు ఉండేవారు. ఇప్పుడు మిగిలింది పాలిష్ పెద్దాయన ఒక్కడే, ఆయనా వస్తే వచ్చినట్టు, లేకపోతే లేనట్టు. జనం పెద్ద షోరూములకెళ్ళి అట్టపెట్టెలో బీరువా కొనుక్కుని, ఇంటికొచ్చి వాళ్ళే బిగించుకుంటున్నారు. బిగించుకోనీ, తలుపు ఊడినప్పుడు తెలుస్తుంది.

ఊడే దాకా ఆగడానికి మాత్రం టైము లేదు. మేస్త్రమ్మ కూతురు ఆసుపత్రిలో నర్సు. రోజూ మనుషుల మోకాళ్ళు చూసే పిల్ల, అమ్మ మోకాళ్ళు చూడదా? "చాల్లే అమ్మా, నువ్వు చేసింది చాలు. షెడ్డు గోడౌనుకి అద్దెకిచ్చేసి సుఖంగా కూర్చో" అని గోడౌను ఆసామితో మాటలు కూడా నడిపేసింది. మేస్త్రమ్మ సరే అంది. నోటితో అయితే అంది గానీ, ఆ రోజు నుంచీ ఆవిడకి ముద్ద సరిగ్గా దిగడం లేదు. కూర్చుంటే సుఖం అన్నది పిల్ల. కూర్చుంటే చచ్చిపోతాననిపించింది తల్లికి. అది కూతురితో చెప్పుకోలేక రంపం మీద అరిచేది.

సరిగ్గా అప్పుడే డాక్టరమ్మ వచ్చింది. నడవలేని పిల్లలకి వ్యాయామం చేయించి నడక నేర్పే కేంద్రం పెడుతోంది ఆవిడ. అందులో పిల్లలు ఆడుకుంటూ చదువుకునే గది ఒకటుంది, దానికి అరలు, బల్లలు, కూర్చునే పెట్టెలు అన్నీ కావాలి. చేతినిండా ఏడాది పని. కాకపోతే ఆవిడకి ఒక పట్టుదల. "ఒకసారి కాగితం మీద బొమ్మ చూసి మోసపోయానండీ. బొమ్మ ముద్దొచ్చింది, కట్టాక తలుపు సగం కూడా తెరుచుకోలేదు. నేను ఆ గదిలో నడిచి చూడాలి. కంప్యూటర్లో చూపిస్తారట కదా, షోరూమువాళ్ళు చూపిస్తామన్నారు. మీరూ చూపించండి. ఎవరిది బాగుంటే వాళ్ళకిస్తాను" అంది. మేస్త్రమ్మ తెలిసినట్టే తల ఊపింది. తనలో తనే, ఈ పని దొరికితే గోడౌను వాడికి నమస్కారం పెట్టేస్తాను, దొరక్కపోతే తాళాలు వాడి చేతిలో పెట్టేస్తాను అనుకుంది.

కంప్యూటరులో నడవడమంటే ఇక అల్లుడి పనే. ఆ అల్లుడి సంగతి కూడా చెప్పుకోవాలి. పెద్ద పెద్ద బోర్డులకి బొమ్మలు గీసే కంపెనీలో చేసేవాడు, అది కాస్తా మూతపడింది. ఇంకో ఉద్యోగం దొరికే వరకూ అత్తగారి షెడ్డులో ఓ మూల కూర్చుని, వచ్చిన ఒకటీ అరా పనులకి కంప్యూటర్లో బొమ్మలు గీసి పెడుతున్నాడు. మెత్తటి మనిషి. మేకు కొట్టమంటే వేలు కొట్టుకునే రకం. మేస్త్రమ్మకి అతనంటే గౌరవం ఎక్కువే. ఎంత ఎక్కువంటే ఒక్క పుల్ల ముట్టుకోనివ్వదు. "మీరు కూర్చోండి బాబూ, మీకెందుకీ దుమ్ము" అంటుంది. అతను మొహమాటంగా కూర్చుంటాడు. చుట్టానికి వేసినట్టు కుర్చీ వేస్తే ఎవరికి మాత్రం బాగుంటుంది?

ఆ కంప్యూటరు ఎప్పుడో బిల్లులు కొట్టడానికి షాపులో కొన్నది. పక్క రేకు మీది సీలు ఇంతవరకూ విప్పని డెస్క్‌టాప్. అల్లుడు అందులో గది మొత్తం గీశాడు. నిలబెట్టి చూస్తే బ్రహ్మాండంగా ఉంది. నడిపిస్తే మాత్రం ఒక అడుగు వేసి ఆగుతుంది, కాసేపు ఆలోచిస్తుంది, ఇంకో అడుగు వేసి మళ్ళీ ఆగుతుంది.

"ఇది నా మోకాళ్ళ కన్నా అధ్వాన్నంగా ఉందేం బాబూ" అంది మేస్త్రమ్మ.

"గ్రాఫిక్స్ కార్డు లేదత్తయ్యా దీనికి. బొమ్మని కదిలించే పని అదే చేస్తుంది. మంచిది ఒకటి పెడితే పరిగెడుతుంది" అన్నాడు అల్లుడు.

రిపేరు కుర్రాణ్ణి పిలిచి చూపించారు. అతను పక్క రేకు విప్పాడు. లోపల నుంచి రంపపు పొట్టు జలజలా రాలింది, ఓ చిన్న దిండుకి సరిపోయేంత. అతను ముక్కుకి గుడ్డ అడ్డం పెట్టుకుని లోపలికి తొంగి చూశాడు. "పవర్ సప్లై సరిపోతుంది, కార్డుకి కావాల్సిన వైరు కూడా ఖాళీగానే ఉంది. చోటే అనుమానం. ఇలా రెడీమేడ్‌గా వచ్చేవాటిలో పెట్టె పిసినారితనంగా చేస్తారు. పొడవు కొలుచుకుని కార్డు కొనండి" అని చెప్పి వెళ్ళాడు.

కొలవడమా? కొలవడం మేస్త్రమ్మకి కొత్తా? చెవి మీద పెన్సిలు తీసింది. కంప్యూటరు పెట్టెలోకి ఆవిడ చెయ్యి పట్టలేదు. "ఇలా ఇవ్వండత్తయ్యా" అని అల్లుడు టేపు తీసుకుని, తెగిన చివర వెనక రేకుకి ఆనించి, ముందున్న ఇనప గూటి దాకా లాగి, "ముప్ఫై మూడు" అన్నాడు. మేస్త్రమ్మ చెక్కముక్క మీద ముప్ఫై మూడు అని రాసుకుంది.

వీడియోలు ఎడిట్ చేసుకునే ఒకాయన కార్డు మార్చుకుంటూ తన పాతది అమ్మకానికి పెట్టాడు. మూడు ఫ్యాన్లు, పొడవు ఇరవై ఎనిమిది, రాయిలా బరువు. ముప్ఫై మూడులో ఇరవై ఎనిమిది దర్జాగా పడుతుంది కదా. "అమ్మాక వెనక్కి తీసుకోను, నేను వేరే ఊరు వెళ్ళిపోతున్నాను" అని ఆయన ముందే చెప్పాడు. సరేనని తెచ్చేసుకున్నారు. డాక్టరమ్మ రావడానికి ఇంకా రెండు రోజులుంది.

పెట్టబోతే అది పట్టలేదు.

అల్లుడు ఇటు నుంచి పెట్టాడు, అటు నుంచి పెట్టాడు, ఏటవాలుగా పెట్టాడు. ముందున్న ఇనప గూడు అడ్డం. ఆ గూట్లోనే హార్డ్ డిస్కు, ఆ డిస్కులోనే గది మొత్తం. అతని నుదుటి మీద చెమట పట్టింది.

"ఎలా పట్టదు? ముప్ఫై మూడు ఉంది కదా" అంది మేస్త్రమ్మ.

"ముప్ఫై మూడెక్కడిది అత్తయ్యా? ఇరవై మూడు కదా" అన్నాడు అల్లుడు.

"మీరేగా ముప్ఫై మూడన్నారు?"

"టేపు మీద ఉన్నది చెప్పాను. పది మీరు తీస్తారు కదా."

మేస్త్రమ్మ చెక్కముక్క తీసి చూసుకుంది. తన రాతే.

"మీరు తీసేసి చెప్పారనుకున్నాను బాబూ. మీకు మా లెక్క తెలీదు కదా, మామూలుగా కొలిచి సరైన అంకె చెప్పి ఉంటారనుకున్నాను" అంది నెమ్మదిగా.

"తెలుసు అత్తయ్యా. చెప్పేవాళ్ళు ఉన్నదున్నట్టు చెప్పాలి, రాసేవాళ్ళు తియ్యాలి."

"ఎవరు చెప్పారు మీకు?"

"ఎవరూ చెప్పలేదు. మీరూ పెద్దాయనా కొలుస్తుంటే రోజూ వింటున్నాను కదా" అన్నాడతను, తప్పు చేసినవాడిలా తల దించుకుని.

మేస్త్రమ్మకి ఒళ్ళు మండింది, కాకపోతే ఈసారి మంట తన మీదే. ఆరు నెలలుగా కళ్ళ ముందు కూర్చున్న మనిషి పని వింటూ వింటూ షెడ్డు మనిషైపోతే, తను ఇంకా చుట్టం అనుకుంటోంది. అనుకోబట్టే పది తియ్యలేదు. పాలిష్ పెద్దాయన చెప్పి ఉంటే చెయ్యి దానంతటదే తీసేసేది. ఎంత సిగ్గుచేటు. పైగా పాపం అతను తప్పు తనదే అన్నట్టు నిలబడ్డాడు.

"తల ఎత్తండి. తప్పు రాసినదాన్ది" అంది.

రిపేరు కుర్రాడికి ఫోను చేస్తే, "ముందున్న గూడు కోసెయ్యండి, చాలామంది అదే చేస్తారు" అన్నాడు. మేస్త్రమ్మ ససేమిరా అంది. ఇనప రజను లోపల పడితే ఉన్నది కూడా పోతుందేమోనని అల్లుడికీ భయమే. కాసేపు ఇద్దరూ ఆ పెట్టెని చూస్తూ ఉసూరుమని కూర్చున్నారు. గోడౌను వాడు తాళాలు గిరగిరా తిప్పుకుంటూ గేటు దగ్గర నిలబడ్డట్టు అనిపించింది ఆవిడకి.

"బాబూ, ఆ పెట్టె లేకపోతే ఇది పని చెయ్యదా?" అంది ఉన్నట్టుండి.

"పెట్టెదేముంది, అది ఒట్టి చట్రమే. లోపలి బోర్డు కదలకుండా నిలబడాలి, గాలి ఆడాలి, అంతే."

"అంతేనా? మరి ఇందాకట్నుంచీ ఎందుకేడుస్తున్నాం? పెట్టెలు చెయ్యడం కాక ఈ చేతులకి ఇంకేం పని వచ్చు?"

ఇక చూడండి ఆవిడ హడావుడి. ఎవరో వద్దన్న టేకు పలకలు మూలన పడి ఉన్నాయి, వాటిని లాగింది. అల్లుణ్ణి కుర్చీలోంచి లేపింది. "టేపు పట్టండి. బోర్డుకి ఎంత చోటు కావాలి, కార్డుకి ఎంత, గాలి ఎటు నుంచి వచ్చి ఎటు పోవాలి, అన్నీ చెప్పండి" అంది. అతను చెప్పాడు, ఆవిడ పది తీసి రాసింది. వెచ్చటి గాలి పైకి పోతుందంటే పైన సన్నటి బద్దలు సందులిచ్చి పరిచింది. కార్డు బరువుకి చివర వాలిపోతుందేమో అని అతను సణిగితే కింద ఓ చిన్న పీట పెట్టింది. బోర్డు నిలబెట్టే ఇత్తడి కాళ్ళకి చిల్లులు అతనే వెయ్యాలంది.

"నేనా?"

"మరి నేనా? ఏ చిల్లు ఎక్కడో నాకేం తెలుసు?"

మొదటి చిల్లు వంకర పోయింది. రెండోది కాస్త నయం. ఆవిడ కిమ్మనకుండా పక్కన నిలబడింది, ఆవిడ జన్మలో అంత సేపు నోరు మూసుకోవడం అదే మొదలు. చివరి చిల్లు నిటారుగా దిగింది. అతను పొట్టు ఊదుతూ నవ్వాడు. ఆ ముఖం అలా వెలగడం చూసి ఎన్నాళ్ళయిందో, కంపెనీ మూతపడ్డాక ఇదే కాబోలు అనుకుంది మేస్త్రమ్మ.

మర్నాడు పొట్టు పడకుండా సరంజామా అంతా ఇంట్లో వంటగది బల్ల మీదికి చేర్చారు. డ్యూటీ దిగి వచ్చిన కూతురు ఆ సంత చూసి ముక్కున వేలేసుకుంది. "ఏంటమ్మా ఇది, ఆపరేషనా?"

"అవును. నర్సువి కదా, టార్చి పట్టుకో" అంది తల్లి.

అల్లుడు ఒక్కో వైరు తీసే ముందు ఫోన్లో ఫోటో తీసుకున్నాడు. బోర్డు చెక్కపెట్టెలోకి దిగింది. ఇత్తడి కాళ్ళ మీద చక్కగా కూర్చుంది. మెమరీ, డిస్కు, పవర్ సప్లై, అన్నీ వాటి వాటి చోట్లకి చేరాయి. చివరికి ఆ రాయిలాంటి కార్డు. టక్‌మని దిగింది, ముందు ఇంకా నాలుగు వేళ్ళ చోటు మిగిలింది. పవర్ వైరు పెట్టి అతను మీట నొక్కాడు.

మూడు ఫ్యాన్లూ తిరిగాయి. స్క్రీను నల్లగా ఉంది.

కాసేపు ఆగారు. నలుపు నలుపే. అతను ఆపి మళ్ళీ వేశాడు. కార్డు తీసి మళ్ళీ పెట్టాడు. కూతురు టార్చి దించేసి తల్లి వైపు చూసింది, చూసి ఏమీ అనలేదు. అనకపోవడమే మేస్త్రమ్మకి ఎక్కువ గుచ్చుకుంది. గది పోయిందా? డిస్కు పోయిందా? తన తెలివితక్కువతనంతో ఉన్నది కూడా పోగొట్టుకుందా? ఆవిడ గోడకి ఆనుకుని నిలబడింది.

అల్లుడు వెనకవైపుకి వంగి చాలాసేపు అలాగే ఉండిపోయాడు. ఆ తరవాత అతని భుజాలు కదలడం మొదలెట్టాయి. ఏడుస్తున్నాడేమోనని కూతురు గబుక్కున దగ్గరికెళ్ళింది. అతను నవ్వుతున్నాడు.

"స్క్రీను వైరు పాత చోటే పెట్టాను. కొత్త కార్డుకి పెట్టలేదు. ఇంత చేసి..." నవ్వాపుకోలేక మాట పూర్తి చెయ్యలేదు.

వైరు మార్చాడు. స్క్రీను వెలిగింది. అతను గది తెరిచి, మీట నొక్కి పట్టుకున్నాడు. తలుపు తెరుచుకుంది, అరల పక్క నుంచి కిటికీ దాకా ఎక్కడా ఆగకుండా, తడబడకుండా వెళ్ళిపోయారు. కూతురు నోరు తెరుచుకుని చూసింది. "అమ్మా, ఇది నువ్వు కట్టేదేనా?" అంది. "కట్టనిస్తే" అంది మేస్త్రమ్మ.

చెక్కపెట్టెని జాగ్రత్తగా మళ్ళీ షెడ్డుకి చేర్చారు. డాక్టరమ్మ చెప్పిన టైముకే అక్కడికి వచ్చింది. షోరూమువాళ్ళది నిన్ననే చూశానని, చాలా బాగుందని ఉన్న మాట చెప్పేసింది. డాక్టరమ్మ కుర్చీలో కూర్చుని మీటలు తనే నొక్కింది. తలుపులు తెరిచి చూసింది, మూలలు తిరిగి చూసింది. ముఖంలో మెచ్చుకోలు కనిపిస్తోంది. అంతలో ఆగి, "చక్రాల కుర్చీలో వచ్చే ఐదేళ్ళ పిల్లకి ఇది ఎలా కనిపిస్తుంది?" అని అడిగింది. "షోరూమువాళ్ళని అడిగితే మళ్ళీ తయారుచేసి వచ్చే వారం చూపిస్తామన్నారు."

అల్లుడు ఏదో అంకె మార్చాడు. చూపు కిందికి దిగింది.

గది మాయమైపోయింది. ఆ ఎత్తు నుంచి చూస్తే అరల అడుగు భాగాలు, బల్ల అంచు, ఎవరికీ అందని పుస్తకాలు, అంతే. కిటికీ ఉండాల్సిన చోట పలక. ఒక చిన్నపిల్ల అక్కడ కూర్చుంటే ఆకాశం ముక్క కూడా కనబడదు. మేస్త్రమ్మకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇన్నేళ్ళుగా ఎంతమంది ఇళ్ళల్లో ఎన్ని అరలు కట్టింది, అన్నీ తన ఎత్తుకే కట్టింది. పిల్లలు ఎలా చూస్తారో ఒక్కసారి వంగి చూడలేదు.

"ఇది బాగాలేదు డాక్టరమ్మా. నా ఎత్తుకి కట్టాను, పిల్లలది ఆలోచించలేదు" అంది. దాచుకోవడానికి ఏముంది?

డాక్టరమ్మ ఏదో అనబోయింది. ఈలోగా మేస్త్రమ్మ స్టూలు లాక్కుని అల్లుడి పక్కన చేరింది. "ఆ పై అర తీసెయ్యి. కింది రెండూ పిల్ల మోచేతి ఎత్తుకి దించు. బల్ల కింద అడ్డపట్టీ తీసెయ్, చక్రాలు లోపలికి రావాలి. కిటికీ దగ్గర అసలేం వద్దు, ఖాళీగా వదిలెయ్" అంది. మీరు, బాబూ అన్నవి ఎటు పోయాయో ఆవిడకే తెలీదు. అతని వేళ్ళు ఆవిడ మాట వెంటే పరిగెత్తాయి. ఆవిడ చెప్పేలోపు అర కిందికి దిగుతోంది, దిగిన చోటికి వెలుగు వచ్చి పడుతోంది. "అడ్డపట్టీ తీస్తే బల్ల ఊగదా అత్తయ్యా?" అన్నాడు. "ఊగదు, గోడకి బిగిస్తాను" అంది. "అయితే మూల గుండ్రంగా చేద్దాం, తల తగిలినా దెబ్బ తగలదు" అన్నాడు. "చెయ్యి, చెయ్యి" అంది. డాక్టరమ్మ కూడా వాళ్ళ మధ్యకి వంగి, "ఇక్కడ పట్టుకుని లేవడానికి ఒక కమ్మీ కావాలి" అంది. కమ్మీ వచ్చింది. ముగ్గురూ ముందు పెట్టుకున్న టీ చల్లారిపోయిందని కూడా చూసుకోలేదు.

అయ్యాక డాక్టరమ్మ మీటలు మళ్ళీ తను అందుకుని, చూపు అదే తక్కువ ఎత్తులో ఉంచి, తలుపు దగ్గర్నుంచి మొదలుపెట్టింది. ఈసారి పుస్తకాలు చేతికందే ఎత్తులో ఉన్నాయి. కిటికీ నిండా ఆకాశం ఉంది. ఆవిడ కిటికీ దగ్గర ఆగింది. చాలాసేపు అలాగే చూసింది.

"పని ఎప్పుడు మొదలుపెడతారు?" అని అడిగింది, స్క్రీను మీంచి చూపు తిప్పకుండానే.

ఆవిడ కారు గేటు దాటిందో లేదో మేస్త్రమ్మ ఫోను మోగింది. గోడౌను ఆసామి. తాళాలకి ఎప్పుడు రమ్మంటారమ్మా అని అడుగుతున్నాడు. రంపం మోతని మించి అరవగల ఆ గొంతు పూడుకుపోయింది. రెండుసార్లు ప్రయత్నించి, లాభం లేక ఫోను అల్లుడి చేతిలో పెట్టేసింది.

"కుదరదండీ. ఇక్కడ మేం పని చేసుకుంటున్నాం" అన్నాడు అల్లుడు. అవతలి మనిషి ఇంకేదో అడిగినట్టున్నాడు. "లేదండీ, ఇప్పుడప్పుడే ఖాళీ చెయ్యం" అని ఫోను పెట్టేశాడు.

మేస్త్రమ్మ పలకల దొంతర మీద కూలబడి, రెండు చేతుల్లో ముఖం దాచుకుని ఏడ్చింది. ఇన్నాళ్ళూ రంపం మీద అరిచిందంతా అలా పోయింది. అల్లుడు కాసేపు ఏం చెయ్యాలో తెలీక నిలబడ్డాడు. తరవాత వచ్చి ఆవిడ పక్కనే, ఆ పలకల మీదే కూర్చున్నాడు.

"నీళ్ళు తెమ్మంటారా అత్తయ్యా?"

"నీళ్ళెందుకు నాయనా. ముందు మీ ఆవిడకి ఫోను చేసి చెప్పు" అంది మేస్త్రమ్మ ముఖం తుడుచుకుంటూ. "నాకు బతకాలనుందని చెప్పు."